ఎడమకాలికి చదువు చెప్పిన ఉపాధ్యాయుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

విద్య అనగానే మనకు పుస్తకమే స్ఫురిస్తుంది. కాని దేహానికి కూడా ఒక విద్య కలదు. దానికి కూడా గురువు కావాలి, దండన కావాలి, ఓర్పు కావాలి. గోలకొండ నయా కిలా ప్రాకారాల నడుమ పచ్చికపై గోల్ఫ్ ఆడేవారిని చూస్తే ఈ మాట బోధపడుతుంది. తన దెబ్బ సరిగా పడడం లేదని శిక్షకుని వద్దకు వెళ్ళినవాడు కొత్త బలం కోరి వెళతాడు. శిక్షకుడు మాత్రం మొదట అతని పాత అలవాటును ఆపుతాడు. పాదాల నిలకడ, చేతి పట్టు, భుజాలు తిరిగే తీరు పరిశీలిస్తాడు. కుడిచేయి పెత్తనం వలన బంతి పక్కకు పోతున్నదని తోస్తే, ఎడమచేతితో మాత్రమే కర్రను మెల్లగా ఊపమంటాడు. నేర్చుకొనేవానికి కొన్నాళ్ళు ఉన్న ఆట కూడా పోయినట్లుంటుంది. ఆ కొన్నాళ్ళను భరించినవాడే ఆటగాడవుతాడు.

ఈ రహస్యాన్ని, ఖరీదైన కర్రలు గాని పచ్చిక బయళ్ళు గాని లేని పేద పిల్లలకు, దుమ్ము నేలల మీద నేర్పిన మహనీయుడొకరు మన నగరంలోనే ఉండేవారు. ఆయనే ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనను లోకం రహీం సాహెబు అని పిలిచింది.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. మన నయాపూల్ మీద నిలబడి మూసీ వెంబడి పడమటికి చూస్తే హైకోర్టు, దానిని దాటితే సిటీ కాలేజి. ఆ కాలేజి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న జట్టులో ఆయన ఆడారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పూర్తిచేసి బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలులోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు. నయాపూల్‌కు పడమట ఆయన ఆట, తూర్పున ఆయన బడి. ఈ రెంటిని ఆయన జీవితాంతం విడదీయలేదు. మైదానంలో కూడా ఆయన ఉపాధ్యాయుడే.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఆయన చేసిన పనులలో మిక్కిలి విశేషమైనవి కొన్ని వింత పోటీలు. ఒక పోటీలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే ఆడవలెను. కుడికాలి వాటం గలవాడు కుడికాలితో బంతిని తన్నరాదు. మరొక పోటీలో బంతిని కాళ్ళ మధ్య నడిపించుకొంటూ పోరాదు. వచ్చిన బంతిని వచ్చినట్లే సహచరునికి అందించవలెను. చూచేవారికి ఇవి వినోదంగా తోచి ఉండవచ్చు. కాని వాటి వెనుక గట్టి ఆలోచన ఉన్నది. బలమైన కాలు ఉన్నంతవరకు రెండవ కాలు బద్ధకిస్తుంది. బంతిని తన వద్దనే ఉంచుకొనగలవానికి పక్కవాడు కనిపించడు. కనుక ఉన్న బలాన్ని కొంతకాలం కట్టివేస్తేనే లేని బలం పుడుతుందని రహీం సాహెబు గ్రహించారు.

ఈ శిక్షణ వ్యర్థం కాలేదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించింది. సంతోష్ ట్రోఫీ పోటీలలో 1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదే విజేత. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో పుట్టిన పేద బాలుడు తులసీదాస్ బలరాంను గుర్తించినది కూడా ఈయనే. శిబిరానికి రావడానికి దారిఖర్చు లేదని బలరాం చెప్పుకొంటే, అద్దె సైకిలుకు డబ్బు తామే ఇచ్చారు. ఆ బాలుడే తరువాత రెండు ఒలింపిక్సులలో భారతదేశం తరఫున ఆడాడు.

భారత జట్టు శిక్షకునిగా రహీం సాహెబు మొదటి విజయం 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో లభించింది. ఫైనలులో ఇరాన్‌పై 1-0 తో గెలిచి మన జట్టు స్వర్ణపతకం పొందింది. మరుసటి సంవత్సరమే పరాభవం ఎదురైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 1-10 తో ఓడిపోయాము. మనవారిలో అనేకులు అప్పటికి వట్టికాళ్ళతో ఆడేవారు. ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. రహీం సాహెబు నిరాశ చెందలేదు. 1953లో వెంబ్లీలో ఇంగ్లండును 6-3 తో ఓడించిన హంగేరీ ఆటతీరు నుండి పాఠం గ్రహించి, దానిని మనవారికి అలవరచారు. ఫలితంగా 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి నాల్గవ స్థానం పొందింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి నేటికీ అదియే శిఖరం. 1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1 తో సమానంగా నిలిచినది కూడా ఆయన శిక్షణలోని జట్టే.

ఆయన జీవితపు చివరి అధ్యాయం 1962 జకార్తా. అప్పటికే క్యాన్సరు ఆయనను లోలోపల తినివేస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తో ఓటమి కలిగింది. రాజకీయ వివాదం వలన అక్కడి ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. రక్షణ పంక్తికి ప్రాణమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇటువంటి సమయంలో రహీం సాహెబు ఎవరూ ఊహించని పని చేశారు. వెనుక నిలబడి గోలు కాచే జర్నయిల్‌ను ముందుకు తెచ్చి, గోలు కొట్టే స్థానంలో నిలిపారు. సెమీఫైనలులో అతడు గోలు చేశాడు. సెప్టెంబరు 4న ఫైనలులో తిరిగి అదే దక్షిణ కొరియాపై పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ ఒక గోలు చేయగా భారతదేశం 2-1 తో స్వర్ణం గెలిచింది. దుమ్ము మైదానంలో ఎడమకాలికి నేర్పిన పాఠమే అక్కడ ఒక జట్టుకు నేర్పబడినదని మేము భావిస్తాము. అలవాటు లేని చోట నిలబడగలవానికే ఆపద్ధర్మం తెలుస్తుంది.

1963 జూన్ 11న రహీం సాహెబు పరమపదించారు. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు మాత్రమే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఆ తరువాత స్వర్ణం దక్కలేదు. ఆయన కథతో 2024లో హిందీ చలనచిత్రం వెలువడేవరకు, ఆయన తిరిగిన వీధులలో నడిచే యువకులలో చాలామందికి ఆయన పేరే తెలియదు. ఇది విచారకరం.

మా తరగతికి వచ్చే విద్యార్థులలో చాలామంది ఇంట ఉర్దూ మాట్లాడేవారు. ఉర్దూలో ధారాళంగా పలికే నోరు, తెలుగు వాచకం తెరవగానే మూగబోతుంది. తప్పు పలికితే నవ్వుతారేమోనని భయం. మేము మాత్రం నవ్వము. అది చేతకానితనం కాదు, ఇంకా పోటీలో దింపని ఎడమకాలు అని మాకు తెలుసు. గంటసేపు ఉర్దూ ముట్టకుండా తెలుగులోనే మాట్లాడమంటే మొదట తడబడతారు. నెలలు గడిచేసరికి రెండు కాళ్ళ మీద నిలబడతారు. రెండు కాళ్ళ మీద నిలిచినవానిని పడద్రోయడం కష్టం.

విద్యార్థులారా, మీలోని బలహీనమైన కాలేదో వెదకికొనండి. దానితోనే కొన్నాళ్ళు ఆడండి. కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: పిల్లలు పరుగెత్తడానికి గుప్పెడు నేల, వారి తప్పును ఓర్పుతో చూచే ఒక ఉపాధ్యాయుడు. రహీం సాహెబు చేతిలో ఉన్నవి కూడా ఈ రెండే.