చింతతో పోరాడిన కీర్తనకారుడు – విలియం కూపర్

చదువవలసిన వాక్యభాగము: 1 రాజులు 19:1–8



చిత, చింత అను రెండు మాటలకు నడుమ ఒక్క సున్నయే భేదమని మన పెద్దలు చెప్పుదురు. చిత చచ్చినవానిని కాల్చును. చింత బ్రదికియున్నవానిని కాల్చును. అప్పు తీరలేదని, వాన పడలేదని, పిల్ల పెండ్లి కుదరలేదని రాత్రులు నిద్రలేక దొర్లువారు మన సంఘములలో ఎందరో కలరు. ఒక్క తలంపే గానుగెద్దువలె మనస్సులో తిరుగుచుండును. ఎంత తిరిగినను చోటు మారదు. ఈ బాధను బాగుగా ఎరిగిన ఒక భక్తుని జీవితమును ఈ మాసము ధ్యానింతము.

విలియం కూపర్ 1731వ సంవత్సరము నవంబరు మాసమున ఇంగ్లండులోని బెర్కంస్టెడ్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఆ ఊరి పాదిరి. కూపర్‌కు సుమారు ఆరేండ్ల ప్రాయమున తల్లి చనిపోయెను. తరువాత పంపబడిన బడిలో పెద్దపిల్లవాడొకడు అతనిని మిగుల హింసించెను. ఆ దుఃఖమును, ఆ భయమును లోలోపలనే దాచుకొని అతడు పెరిగెను. లండనులో న్యాయశాస్త్రము చదివి 1754లో న్యాయవాది ఆయెను.

1763లో బంధువు ఒకరు అతనికి ప్రభువుల సభలో మంచి ఉద్యోగము ఇప్పింప దలచెను. అయితే ముందుగా సభవారి యెదుట పరీక్షకు నిలువవలసి వచ్చెను. పరీక్షకు ఇంకను నెలలు కలవు. అయినను కూపర్ ప్రతిదినము ఆ సభను, ఆ ప్రశ్నలను, తాను తడబడుటను మనస్సులో చూచుకొనుచుండెను. పుస్తకములు ముందుంచుకొని చదివినను ఏమియు తలకెక్కలేదు. దినము దగ్గరపడిన కొలది భయము ముదిరి, తుదకు ప్రాణము తీసికొనుటకే యత్నించెను. దేవుని కృపవలన బ్రదికెను. ఆ పరీక్ష మాత్రము జరుగనే లేదు! రానున్నదనుకొన్న అవమానము రాకమునుపే, దానిని గూర్చిన చింత ఆ మనుష్యుని కూల్చివేసెను.

ప్రియులారా, ఇది పిరికితనమని నవ్వకుడి. పామును చూచినప్పుడు గుండె దడదడలాడును, కండరములు బిగియును, ఆకలి చచ్చును. పాము పోగానే శరీరము నెమ్మదించును. కాని చింతించువాని మనస్సులో పాము పోదు. శరీరము రేయింబవళ్లు ఆ కలవరములోనే యుండును. అందువలన నిద్ర చెడును, తలనొప్పి, కడుపులో మంట, నీరసము కలుగును. ఏండ్ల తరబడి సాగినచో రక్తపు పోటునకును గుండె జబ్బునకును అది తోడ్పడునని వైద్యులు చెప్పుచున్నారు. శరీరము చెడిన పిమ్మట మనస్సు మరింత క్రుంగును.

బంధువులు కూపర్‌ను సెయింట్ ఆల్బన్స్ అను ఊరిలో నథానియేల్ కాటన్ అను వైద్యుని ఆశ్రయమునకు చేర్చిరి. పిచ్చివారిని గొలుసులతో కట్టి కొట్టుట పరిపాటియైన కాలమది. కాటన్ మాత్రము దయతో మాటలాడుచు చికిత్స చేసెను. అచ్చటనే కూపర్ రోమా పత్రిక మూడవ అధ్యాయము చదివి గొప్ప నెమ్మది పొందెను. 1765లో కోలుకొని బయటికి వచ్చి, అన్విన్ అను పాదిరి కుటుంబముతో నివసించెను. ఆ పాదిరి మరణించిన పిమ్మట, అతని భార్య మేరీతో కలిసి ఓల్నీ అను ఊరు చేరెను. అచ్చటి పాదిరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడకు నాయకుడై యుండి మారుమనస్సు పొందినవాడు. ఈ ఇద్దరును వ్రాసిన కీర్తనలు 1779లో అచ్చుపడెను. వాటిలో 60కి పైగా కూపర్ వ్రాసినవే. వాటిని లోకమంతట సంఘములు నేటికిని పాడుచున్నవి.

అయితే 1773లో ఆ చీకటి తిరిగి వచ్చెను. దేవుడు తన్ను విడిచివేసెనను ఒక్క తలంపు అతనిని పట్టుకొనెను. దానినే త్రిప్పి త్రిప్పి తలంచుచు, ఇకమీదట ప్రార్థించుటకు తనకు హక్కు లేదనుకొని గుడికి పోవుట మానెను. ఇతరులకు నమ్మిక పుట్టించు కీర్తనలు వ్రాసినవాడు తనకు నమ్మిక లేక అల్లాడెను. న్యూటన్ అతనిని మందలించి వదలలేదు. తన యింట ఏడాదికి పైగా ఉంచుకొనెను. మేరీ తల్లివలె కనిపెట్టెను. కూపర్ మూడు కుందేళ్లను పెంచెను, వడ్రంగపు పని చేసెను, తోటలో మొక్కలు నాటెను. చేతులకు పని దొరికినప్పుడు గానుగ కొంతసేపు ఆగెను. మేరీ ప్రోత్సాహముతో మరల కవిత్వమునకు పూనుకొని, 1785లో ఇంగ్లీషు సాహిత్యమున పేరొందిన కావ్యమును ప్రచురించెను. బానిస వ్యాపారమునకు విరోధముగా పద్యములు వ్రాసెను. 1796లో మేరీ చనిపోయెను. 1800 ఏప్రిల్ 25న కూపర్ కన్నుమూసెను. పోయిన నిశ్చయత కడవరకు అతనికి తిరిగి దొరకలేదు.

ఈ ముగింపును తియ్యగా మార్చి చెప్పుట న్యాయము కాదు. అయితే దేవుడు విడిచెనని అతడు తలంచిన ఆ యేండ్లలోనే ఎందరి చేతులు అతనిని మోసెనో చూడుడి! బదరీవృక్షము క్రింద చావు కోరుకొనిన ఏలీయాను దేవుడు మొదట గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను. ప్రయాణమును గూర్చి మాటలాడినది ఆ తరువాతనే.

మన పల్లెల బిడ్డలు అనేకులు హైదరాబాదులోని మియాపూరులో హాస్టళ్లలో ఉండి, కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగము చేయుచున్నారు. కొందరు ఉద్యోగము వెదకుచున్నారు. ఇంటికి ఫోను చేసినప్పుడు అంతా బాగున్నదనియే చెప్పుదురు. రాత్రి నిద్రపట్టని సంగతి చెప్పరు. 2017లో మియాపూరు నుండి నడువనారంభించిన మెట్రో రైలు ఎర్రగడ్డ మీదుగా పోవును. అచ్చట ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున్నది. ఆ ఊరి పేరును మనము తిట్టుగా వాడుదుము. అట్టి తలుపు గుండా వెళ్లియే కూపర్ బ్రదికెనని జ్ఞాపకముంచుకొనుడి. చింతతో క్రుంగినవానికి నీ విశ్వాసము చాలదని చెప్పకుడి. ప్రక్కన కూర్చుండుడి, అన్నము పెట్టుడి, వైద్యుని యొద్దకు తోడు వెళ్లుడి. 14416 అను టెలి మానస్ నంబరునకు ఏ వేళనైనను ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

ప్రార్థన: ప్రభువా, తమకొరకు ప్రార్థింపలేనివారి పక్షమున ప్రార్థించుటకును, వారి భారము మోయుటకును మాకు నేర్పుము. ఆమేన్.