ఆకలికి సాక్ష్యం పలికిన చిత్రకారుడు చిత్తప్రసాద్

బెంగాల్ కరవు పేరు వినగానే ఎముకల గూళ్లవంటి మనుషులు, ఖాళీ కుండలు, విడిచిపోయిన గుడిసెలు నలుపు తెలుపు బొమ్మలుగా కళ్ల ముందు నిలుస్తాయి. ఆ బొమ్మలను మనకు మిగిల్చిన వారిలో చిత్తప్రసాద్ ఒకరు. గూడు చెదిరి దారిన పడిన ప్రజల కోసమే ఆయన తన కళను ధారపోశారు.

చిత్తప్రసాద్ 1915 జూన్ 21న బెంగాల్‌లోని నైహాటిలో జన్మించారు. ఇంటిపేరు భట్టాచార్య. అది కులాన్ని చాటుతుందన్న భావనతో దానిని విడిచిపెట్టారు. చిట్టగాంగ్‌లో చదువుకునే రోజుల్లోనే వలస పాలనకు, భూస్వాముల దోపిడీకి ఎదురు నిలిచిన ఉద్యమాలు ఆయనను ఆకర్షించాయి. చిత్రకళను చాలావరకు స్వయంకృషితోనే అభ్యసించారు. కమ్యూనిస్టు పార్టీలో చేరి, దాని వారపత్రిక పీపుల్స్ వార్‌కు వ్యంగ్యచిత్రాలు గీశారు.

ఇంతలో కరవు వచ్చిపడింది. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో అక్కడి నుంచి బియ్యం రాక నిలిచిపోయింది. శత్రువుకు దక్కరాదంటూ ప్రభుత్వం తీరప్రాంతపు పడవలను, ధాన్యాన్ని ప్రజలకు దూరం చేసింది. ఆ అక్టోబరులోనే పెను తుపాను మిడ్నపూర్ జిల్లాను ముంచెత్తింది. యుద్ధకాలపు ధరలకు అక్రమ నిల్వలు తోడయ్యాయి. కూలీలు, జాలరులు, చిన్న రైతులు ఉన్నదంతా అమ్ముకుని కలకత్తా కాలిబాటలకు చేరారు. ఆకలికి, వెన్నంటి వచ్చిన వ్యాధులకు సుమారు 30 లక్షల మంది బలయ్యారని అంచనా.

1943 నవంబరులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా తిరిగారు. అంతవరకు పాలకులను, నల్లబజారు వర్తకులను ఎగతాళి చేసిన కలం అక్కడ హాస్యాన్ని పక్కన పెట్టింది. సిరాతో, గట్టి నల్లని గీతలతో ఆయన కనిపించిన వారి రూపాలను చిత్రించారు. పలు బొమ్మల కింద ఆ మనిషి పేరు, ఊరు కూడా నమోదు చేశారు. ప్రభుత్వ లెక్కల్లో అంకెలుగానైనా చేరని వారు ఆ విధంగా పేరున్న మనుషులుగా నిలిచారు.

ఆ యాత్రా విశేషాలను, బొమ్మలను కలిపి ఆయన హంగ్రీ బెంగాల్ అనే పుస్తకంగా వెలువరించారు. బ్రిటిష్ ప్రభుత్వం దానిని నిషేధించి, 5 వేల ప్రతులను స్వాధీనం చేసుకుని తగులబెట్టింది. కుటుంబం బ్యాంకులో భద్రపరచిన ఒక ప్రతి మాత్రం మిగిలింది. దాని ఆధారంగానే 2011లో ఆ పుస్తకం యథాతథంగా తిరిగి అచ్చయింది.

బొంబాయిలో స్థిరపడిన చిత్తప్రసాద్ ప్రజా నాట్యమండలికి మాతృసంస్థ అయిన ఇప్టాకు నగారా మోగించే కళాకారుని చిహ్నాన్ని రూపొందించారు. 1940ల చివర పార్టీకి దూరమైనా పేదల పక్షాన్ని మాత్రం వీడలేదు. అంధేరీలోని చిన్న నివాసంలో ఆర్థిక ఇబ్బందుల నడుమ లినోలియం పలకలపై బొమ్మలు చెక్కి అచ్చు తీసేవారు. చవకగా ఎన్ని ప్రతులైనా తీయగల ఆ పద్ధతిలో కళ సంపన్నుల గోడలకే పరిమితం కాదని ఆయన నమ్మకం. ఖేలాఘర్ పేరిట బొమ్మలాటల బృందాన్ని నెలకొల్పి పేద పిల్లలను అలరించారు. బరువులు మోస్తూ, బూట్లు తుడుస్తూ, కాలిబాటపై నిద్రిస్తూ బాల్యాన్ని కోల్పోయిన చిన్నారులపై ఆయన చెక్కిన చిత్రాలను 1969లో యూనిసెఫ్ డెన్మార్క్ కమిటీ పుస్తకంగా ప్రచురించింది.

1978 నవంబరు 13న కలకత్తాలో చిత్తప్రసాద్ కన్నుమూశారు. జీవితకాలంలో ఆయనకు సంపద గానీ, కళా విపణిలో పెద్ద పేరు గానీ దక్కలేదు. అయినా నేడు బెంగాల్ కరవును అధ్యయనం చేసే చరిత్రకారులు ఆయన బొమ్మలను ప్రత్యక్ష సాక్ష్యంగా పరిగణిస్తున్నారు.