విక్రమ్ సారాభాయ్

ఇంటర్నెట్ రాకముందు దూరపు పల్లెకు పాఠం ఎలా చేరేది? రేడియో వినిపించేది గాని చూపలేదు. టెలివిజన్ చూపేది గాని దాని ప్రసారం నగరం దాటి ఎంతో దూరం పోయేది కాదు. దీనికి దారి వెతికినవారు విక్రమ్ సారాభాయ్.

ఆయన 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో సంపన్న కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, బెంగళూరులో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేశారు. 1963లో ఆయన ఆధ్వర్యంలో కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది.

పేద దేశానికి రాకెట్లెందుకని కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆకాశంలో ఒక ఉపగ్రహం ఉంటే, ఊరూరా తీగలు వేయకుండానే వేల పల్లెలకు ఒకేసారి పాఠం చెప్పవచ్చని ఆయన వాదన. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకోవడానికి 1969లో ఒప్పందం కుదిరింది. దాని ఫలితం చూడకుండానే 1971 డిసెంబరు 30న, 52 ఏళ్లకే మరణించారు.

1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలయ్యాయి. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ పెట్టెలు, పెద్ద గొడుగుల వంటి యాంటెనాలు వచ్చాయి. మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు తెలుగులో చూశాయి. సిల్తారా ఉన్న రాయ్‌పూర్ జిల్లాలో హిందీలో వచ్చేవి. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం. ఊరంతా ఒక్క పెట్టె ముందే! సందేహం వస్తే తిరిగి అడిగే వీలు మాత్రం లేదు.

గడువు తీరి 1976 జూలై 31న ప్రసారాలు ఆగిపోయాయి. 1980ల చివర నిక్‌నెట్ అనే ప్రభుత్వ వ్యవస్థ జిల్లా కేంద్రాల కంప్యూటర్లను ఉపగ్రహం ద్వారానే కలిపింది. ఈసారి జిల్లా నుంచి జవాబు కూడా వెళ్లేది.