సామ్యూల్ జాన్సను పండితుడు

ఆంగ్లము చదువు మన విద్యార్థులకు మిక్కిలి చిక్కు కలిగించునవి దీర్ఘపదములు గావు, చిన్న క్రియలే. గివ్ అనగా ఇచ్చుట, అప్ అనగా పైకి. కాని గివ్ అప్ అనగా విడిచిపెట్టుట. ఈ చిక్కును గుర్తించి పరదేశీయులకై శ్రమపడిన జాన్సను పండితుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1709 సెప్టెంబరు 18వ తేదీని ఇంగ్లండునందలి లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. శైశవముననే గండమాల సోకి చూపు మందగించెను. 1728లో ఆక్స్‌ఫర్డు విద్యాలయమున చేరెను గాని ద్రవ్యము చాలక, పట్టము పొందకయే వెడలవలసి వచ్చెను. పిమ్మట ఒక పాఠశాలను స్థాపింపగా, విద్యార్థులు చాలినంతమంది రాక అది మూతపడెను. 1737లో తన శిష్యుడగు డేవిడ్ గారిక్‌తో గూడి లండను నగరమునకు పోయెను.

1746లో పుస్తక ప్రకాశకులు ఆంగ్ల నిఘంటువును రచింపుమని ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. మూడేండ్లలో ముగియునని తలంచిన పనికి తొమ్మిదేండ్లు పట్టెను. నడుమ 1752లో భార్య గతించెను. దుఃఖములోను ఆయన కార్యమును విడువలేదు. 1755 ఏప్రిల్ 15వ తేదీని 42,000కు పైగా పదములతో ఆ గ్రంథము రెండు సంపుటములుగా వెలువడెను.

క్రియకు చిన్నపదము చేరి క్రొత్త యర్థమిచ్చు ప్రయోగములను ఆయన ప్రత్యేక శ్రద్ధతో కూర్చెను. సెట్ అవుట్ అనగా బయలుదేరుట, బ్రేక్ ఆఫ్ అనగా హఠాత్తుగా ఆపుట, బేర్ అవుట్ అనగా సమర్థించుట అని వేర్వేరుగా చూపెను. వీనికి ఫ్రేజల్ వెర్బులను పేరు తరువాతి కాలమున వచ్చినది. ఆయన కేవలము ఊహపై ఆధారపడక, మంచి గ్రంథకర్తల వాక్యములను చదివి అర్థములను నిర్ణయించెను. తన సేకరణ సంపూర్ణము కాదని పీఠికలో ఒప్పుకొని, విడిచిపోయినవానిని ఉన్నవానితో పోల్చి గ్రహింపవచ్చునని దారి చూపెను. 1784 డిసెంబరు 13వ తేదీని లండనులో మరణించెను. వెస్ట్‌మిన్‌స్టరు ఆబీలో ఆయన సమాధి గలదు.

మేమును కొన్నియేండ్లు ఇట్టి క్రియలను పట్టికలుగా వల్లె వేయించితిమి. పరీక్ష ముగిసిన మరునాడే పిల్లలు వానిని మరచిరి. దోషము వారిది గాదు, మా పద్ధతిది. తెలుగున తలపెట్టుట యనగా పూనుకొనుట యని మనకెవ్వరును తలను, పెట్టుటను విడదీసి నేర్పలేదు. పదుగురి మాటలలో విని నేర్చితిమి. ఆంగ్లమునను అట్లే వాక్యము వెంట పోవలయును. ప్రియ విద్యార్థులారా, క్రియను ఒంటిగా వ్రాసికొనక, అది కనబడిన వాక్యముతో గూడ వ్రాసికొనుడు. బడి మూతపడిన ఆ యుపాధ్యాయుడు ఈ పాఠమును మనకు నేటికిని చెప్పుచున్నాడు.