రాచపుండుకు లెక్క అడిగిన డాక్టరమ్మ

మన బర్గూరు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ముత్తులక్ష్మి రెడ్డి పేరు వినని ఆడవాళ్ళు ఉండరు. గర్భిణీలకు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆమె పేరు మీదే వస్తుంది. చానామందికి ఆమె అంటే ఆ పథకమే. పేరు చివర రెడ్డి చూసి తెలుగావిడే అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆమె పుట్టింది 1886 జూలై 30న, పుదుక్కోట్టైలో. రెడ్డి అనేది భర్త డాక్టర్ సుందర రెడ్డి పేరు నుంచి వచ్చింది. ఆమె చేసిన పనులు ఎన్నో. నేను ఒక్కదాని గురించే ఎక్కువ రాస్తున్నా. అది క్యాన్సర్ కోసం ఆమె పడిన పాట్లు.

తండ్రి నారాయణస్వామి అయ్యర్ కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల కుటుంబంలో పుట్టింది. మగపిల్లలు మాత్రమే చదివే మహారాజా కాలేజీలో ఈ అమ్మాయి చేరాలంటే రాజుగారే అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, 1912లో డాక్టరై బయటికొచ్చింది. 1914లో పెళ్ళి. తనను సమానంగా చూడాలి, తన పనికి అడ్డు రాకూడదు అన్న షరతు పెట్టి మరీ ఒప్పుకుంది. ఆ కాలంలో ఎంత ధైర్యమో చూడండి!

1923లో ఆమె తోబుట్టువు క్యాన్సర్‌తో చనిపోయింది. ఇంట్లోనే ఇద్దరు డాక్టర్లు ఉన్నా ఏమీ చేయలేకపోయారు. మద్రాసులో దీనికంటూ ఒక ఆసుపత్రే లేదు. 1925లో ప్రభుత్వ సాయంతో లండన్ పోయి ఆడవాళ్ళ, పిల్లల జబ్బుల గురించి చదివినప్పుడు అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిని కూడా చూసింది. ఇట్లాంటిది మన దగ్గర ఎందుకు ఉండకూడదన్న పట్టుదల అక్కడే గట్టిపడింది.

తిరిగొచ్చాక మద్రాసు శాసనమండలి సభ్యురాలైంది, దానికి ఉపాధ్యక్షురాలు కూడా అయింది. దేవదాసీ పద్ధతి పోవాలని అక్కడ పోరాడింది. 1930లో గాంధీగారిని అరెస్టు చేసినప్పుడు ఆ పదవి వదిలేసింది. 1935లో మెడికల్ కాలేజీ నూరేళ్ళ పండగలో క్యాన్సర్ ఆసుపత్రి కావాలన్న కోరికను అందరి ముందు పెట్టింది. కానీ క్యాన్సర్ వస్తే ఎట్లా అయినా చావే కదా, దానికి ఆసుపత్రి ఎందుకని ఒక మంత్రి అన్నారని చెబుతారు.

ఇక్కడ ఒక సంగతి పక్కన పెట్టి చూడాలి. 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధనా సంస్థ పెట్టారు. అప్పుడు రాజమండ్రి కూడా మద్రాసు రాష్ట్రంలోదే. పొగాకు బాగా పండాలని పరిశోధనకు సొమ్ము దొరికింది. రైతు బతకాలి, అది తప్పని నేననను. కానీ అదే పొగాకు నమిలి నోట్లో పుండు పడినవాళ్ళ కోసం అరవై దాటిన ఒక డాక్టరమ్మ ఊరూరా చందాలు అడగాల్సి వచ్చింది. ఖజానాలో డబ్బు లేక కాదు, ఈ జబ్బును ఎవరూ లెక్కలోకి తీసుకోక అని నాకనిపించింది.

1949లో ఆడవాళ్ళ సంఘం తరఫున క్యాన్సర్ నిధి మొదలైంది. 1952లో అడయారులో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో పన్నెండు మంచాలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అట్లాంటి ఆసుపత్రి దేశంలో అది రెండోది. మొదటిది బొంబాయి టాటా మెమోరియల్. అది 1941లో ట్రస్టు డబ్బుతో మొదలై తర్వాత కేంద్ర ప్రభుత్వం చేతికి పోయింది. అడయారులో ముత్తులక్ష్మి కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి పని మొదలుపెట్టారు. ఏడాదికి డాక్టర్ శాంత వచ్చి చేరారు. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు మందులు కలిపి ఇచ్చే పద్ధతి మీద వాళ్ళు పరిశోధన చేశారు. 1968 జూలై 22న ముత్తులక్ష్మి కన్నుమూసింది. 1975లో కేంద్రం ఆ సంస్థను ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా గుర్తించింది. 1980ల మొదట్లో మద్రాసు క్యాన్సర్ రిజిస్ట్రీ కూడా అక్కడే మొదలైంది. ఊరిలో ఎవరికి, ఏ వయసులో, ఒంట్లో ఎక్కడ క్యాన్సర్ వచ్చిందో రాసిపెట్టే పుస్తకం అది. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ ఆ లెక్క లేకపోతే ఏ జబ్బుకు ఎంత డబ్బు పెట్టాలో ఏ ప్రభుత్వానికీ తెలియదు. మందు కనిపెట్టడం ఎంత పరిశోధనో ఇదీ అంతే.

మా ఇంట్లో నాయన వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. మా అవ్వ క్యాన్సర్ అనదు, రాచపుండు అంటుంది. అమ్మ వాళ్ళు పుట్రునోయ్ అంటారు. పుట్రు అంటే మన పుట్టే. పైకి కనబడకుండా లోపల పెరిగే పుట్ట. ఈ మాటలన్నీ తెలిసిన అవ్వ ఆకువక్కతో పాటు పొగాకు చెంపలో పెట్టుకోకుండా పనిలోకి దిగదు. పంటినొప్పి తెలియదంటుంది, ఆకలి ఆగుతుందంటుంది. కూలి పనికి పోయే ఆడవాళ్ళు మన పక్క చానామంది ఇదే మాట చెబుతారు. పోయినేడు అవ్వ నోట్లో తెల్లమచ్చ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పరీక్ష చేసి ఇది క్యాన్సర్ కాదు, పొగాకు మానకపోతే కావచ్చు అని చెప్పారు. అవ్వ తగ్గించింది, పూర్తిగా మానలేదు. అలవాటు ఎట్లా మాన్పించాలనేది కూడా పరిశోధన చేయాల్సిన విషయమే. బీడీ, సిగరెట్టు, గుట్కాల మీద వచ్చే పన్ను ఖజానాకే చేరుతుంది కదా. అందులో కొంత వీటి వల్ల వచ్చే జబ్బుల పరిశోధనకు పోవాలని అడగడం మన హక్కు.

ముత్తులక్ష్మి పుట్టిన జూలై 30ని తమిళనాడులో ఆసుపత్రుల దినంగా జరుపుతారు. ఆ రోజు కోసం చూడకుండా ఈ ఆదివారమే మీ ఇంట్లో పొగాకు నమిలే పెద్దవాళ్ళను వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి పిలుచుకొని పోండి. ముందే చూపిస్తే రాచపుండు నయమయ్యే జబ్బే.