అంబేద్కర్ గారి ఆర్థిక విద్య



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు చెప్పాను. ఆయన గురించి అందరికీ తెలిసిందే కదా, కొత్తగా ఏమి వ్రాస్తారు అన్నారు. నిజమే. చేతిలో రాజ్యాంగ గ్రంథం, నీలం కోటు, ముందుకు చాచిన చూపుడు వేలు. ఆ విగ్రహం లేని ఊరు మన రెండు తెలుగు రాష్ట్రాలలో అరుదు. అయితే ఆయన విదేశాలకు వెళ్ళి మొట్టమొదట పట్టా పొందినది న్యాయశాస్త్రంలో కాదు, ఆర్థికశాస్త్రంలో. అందులోనూ ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలలో. అంటే మనం సర్వీసంతా మోసిన బడ్జెట్లు, పద్దులు, కేటాయింపులు, ఆడిట్లే. ముప్ఫై నాలుగేళ్ళు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసిన నాకు ఈ సంగతి రిటైరయ్యాక గాని తెలియలేదు.

ఇది వ్రాయడానికి మరొక కారణం కూడా ఉంది. మా అమ్మాయి కూతురు బి.కాం. పూర్తి చేసి, ఎం.బి.ఏ. ఫైనాన్స్ చదువుతానని పట్టుబట్టింది. ఫీజు రెండేళ్ళకు పెద్ద మొత్తమే. ఉన్న డిగ్రీ చాలదా, ఏదో ఒక పరీక్ష వ్రాసి ఉద్యోగంలో చేరరాదా అన్నాను. ఆ పిల్ల ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే నేను అంబేద్కర్ గారి జీవిత చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

అంబేద్కర్ గారు 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మహూ అనే సైనిక పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులకు పద్నాలుగవ సంతానం. తల్లి భీమాబాయి ఆయన పసితనంలోనే కాలం చేశారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారుగా ఉండి 1894లో పదవీ విరమణ చేశారు. కనుక రామ్‌జీ గారు కూడా మన వంటి పెన్షనరే. ఈ మాట మన కుటుంబాలలోని పిల్లలు గుర్తుంచుకోవాలి. ఒక పెన్షనరు ఇంటి దీపం కిందనే ఆ చదువు మొదలైంది.

బొంబాయిలో పరేల్ ప్రాంతంలో కార్మికులు ఉండే చాల్‌లో వారిది ఒకే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. కుర్రవాడు పెందలాడే నిద్రపోయేవాడు. తండ్రి రాత్రి రెండు గంటల దాకా మేలుకొని ఉండి, కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టి, అప్పుడు తాను పడుకునేవారు. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే, పెళ్ళయి అదే ఊళ్ళో ఉన్న కూతుళ్ళ ఇంటికి వెళ్ళేవారు. వాళ్ళ దగ్గరా రొక్కం లేకపోతే నగ అడిగి తెచ్చి, షావుకారు దగ్గర తాకట్టు పెట్టి పుస్తకం కొనేవారు. నెల తిరిగి పెన్షన్ చేతికి రాగానే నగ విడిపించి కూతురికి అప్పగించేవారు. ఒకటో తారీఖు కోసం ఎదురుచూడటం మనకు తెలుసు. ఆ ఒకటో తారీఖును కొడుకు పుస్తకాలకు ముందే వ్రాసి ఇచ్చిన తండ్రి ఆయన.

అంబేద్కర్ గారు 1907లో మెట్రిక్యులేషన్, 1912లో ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుండి ఆర్థిక, రాజనీతి శాస్త్రాలతో బి.ఏ. పూర్తి చేశారు. బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే తండ్రికి జబ్బు చేసిందని తెలిసి తిరిగి వచ్చారు. 1913 ఫిబ్రవరి 2న రామ్‌జీ గారు కన్నుమూశారు. అదే సంవత్సరం బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ గారు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు విద్యార్థి వేతనం మంజూరు చేశారు. చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం. కొడుకు ఓడ ఎక్కడం తండ్రి చూడలేదు.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మూడేళ్ళలో ఆయన ఒక్క ఆర్థికశాస్త్రంలోనే 29 కోర్సులు తీసుకున్నారు. పన్నులు, ప్రభుత్వ ఆదాయ వ్యయాల శాస్త్రంలో దిట్ట అయిన ప్రొఫెసర్ సెలిగ్మన్ ఆయన గురువు. 1915లో ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద వ్యాసం సమర్పించి ఎం.ఏ. పట్టా పొందారు. కంపెనీ చేసిన అప్పులు 1858లో మన దేశపు ఖజానా నెత్తికే ఎత్తబడ్డాయి. పరాయి దొర అప్పుకు మన రైతు శిస్తు కట్టిన లెక్క అది. ఆ లెక్కను ఇరవై నాలుగేళ్ళ యువకుడు అసలు కాగితాలు తిరగేసి బయటపెట్టారు.

తరువాత పట్టుకున్నది రాష్ట్రాల ఆర్థిక వ్యవహారం. ఇది అకౌంట్స్ వాళ్ళకు పాయసం వంటిది. 1833 నుండి దేశంలోని ఆదాయమంతా కేంద్ర ఖజానాకే చెందేది. మన సర్కారు జిల్లాలు, రాయలసీమ ఉన్న మద్రాసు ప్రభుత్వం వసూలు చేసి అప్పగించడమే గాని, కేంద్రం అనుమతి లేనిదే ఖర్చు పెట్టడానికి లేదు. మిగిలిన నిధులు ఏడాది చివర మురిగిపోయేవి. పొదుపు చేసినవాడికి లాభం లేదు, ఎక్కువ అడిగినవాడికే ఎక్కువ దక్కేది. మార్చి నెలాఖరులో బిల్లులు పట్టుకొని ట్రెజరీకి పరుగెత్తిన మనకు ఈ జబ్బు విడమరచి చెప్పనక్కరలేదు. 1871లో లార్డ్ మేయో కాలాన కొన్ని శాఖలకు ఏటా ఇంత అని సొమ్ము ఇచ్చి, మిగిలితే రాష్ట్రాలే ఉంచుకోమన్నారు. 1877 నుండి కొన్ని ఆదాయాలనే అప్పగించారు. 1882 నుండి ఆదాయాలలో వాటాలు పంచారు. ఈ మెట్లన్నీ 1921 వరకు ఆయన వరుసగా వ్రాశారు. ఆ గ్రంథం 1925లో అచ్చయింది. సెలిగ్మన్ గారు ముందుమాట వ్రాశారు. దానికే 1927లో కొలంబియా వారు పి.హెచ్‌డి. ఇచ్చారు.

అయితే మధ్యలో జరిగినది కూడా చెప్పాలి. 1916లో ఆయన లండన్ చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను, గ్రేస్ ఇన్ న్యాయవిద్యాలయంలోను చేరారు. ఏడాది తిరగకుండానే విద్యార్థి వేతనం గడువు ముగిసింది. నాలుగేళ్ళలోగా తిరిగి వచ్చి పూర్తి చేయడానికి అనుమతి తీసుకొని 1917లో బయలుదేరారు. అప్పటికి యుద్ధ కాలం. ఆయన వచ్చిన ఓడ క్షేమంగా చేరింది గాని, సామాను వేసిన మరొక ఓడను జలాంతర్గామి ముంచివేసింది. ఏళ్ళ తరబడి కూర్చుకున్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి.

ఒప్పందం ప్రకారం బరోడాలో మిలిటరీ సెక్రటరీగా చేరారు. అంత చదువు చదివిన అధికారి బల్ల మీదికి బంట్రోతులు ఫైళ్ళను దూరం నుండి విసిరేవారు. కార్యాలయంలో మంచినీళ్ళు దొరికేవి కావు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుండి కూడా కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. కొద్ది వారాలలోనే బొంబాయికి తిరిగి వచ్చేశారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పక తప్పదు. నేను చేరిన కొత్తలో, 1970లలో, మేము పనిచేసిన ఒక ఆఫీసులో మంచినీళ్ళ కుండ దగ్గర ఒక అటెండరుకు గ్లాసు వేరుగా ఉండేది. ఎవరూ రూలు వ్రాయలేదు, ఎవరూ నోరెత్తి చెప్పలేదు. అతను తన గ్లాసు కిటికీ మీద బోర్లించుకునేవాడు. నేను రోజూ చూసి కూడా ఏమీ అనలేదు. బరోడా కథ చదివిన రాత్రి నాకు ఆ కిటికీయే కళ్ళముందు మెదిలింది.

అంబేద్కర్ గారు చదువు ఫైలును మూసివేయలేదు. 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాలలో నెలకు 450 రూపాయల జీతంతో ప్రొఫెసరుగా చేరారు. కుటుంబం ఆ చాల్‌లోనే ఉంది. భార్య రమాబాయి గారు ఇచ్చిన దానితోనే సంసారం ఈదారు. ఆ తల్లి కన్న ఐదుగురు బిడ్డలలో నలుగురు పసితనంలోనే పోయారు. ఆయన పట్టాల వెనుక ఆమె పస్తులు కూడా ఉన్నాయని మరువరాదు. మిగిల్చిన జీతం, మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు, కొల్హాపూర్ శాహూ మహారాజు గారి సాయం కలుపుకొని 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు.

అక్కడ బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం తెరిచే వేళకు వెళ్ళి, మూసే వేళకు వచ్చేవారు. మధ్యాహ్న భోజనానికి డబ్బు లేదు. రాత్రి ఆకలికి కాల్చిన అప్పడాలు తినేవారు. 1921లో బ్రిటిష్ ఇండియాలో ఆర్థిక వికేంద్రీకరణ మీద వ్యాసం వ్రాసి ఎం.ఎస్‌సి. పట్టా తీసుకున్నారు. అంటే ఎం.ఏ. ఉండగా, అదే రంగంలో మరొక మాస్టర్స్ డిగ్రీ. 1922లో రూపాయి సమస్య మీద డి.ఎస్‌సి. గ్రంథం సమర్పించారు. పరీక్షకులు దానిలోని విమర్శ ఘాటుకు ఒప్పుకోక, తిరిగి వ్రాయమన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది. బొంబాయికి వచ్చి, సవరించి పంపారు. నిర్ణయాలు మాత్రం మార్చలేదు. 1923 చివరలో డి.ఎస్‌సి. వచ్చింది. ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ ముందుమాటతో పుస్తకం అచ్చయింది.

ఆ పుస్తకంలోని సారం పెన్షనర్లకు ఇట్టే అర్థమవుతుంది. 1893లో ప్రభుత్వం ప్రజలు వెండి తెచ్చి రూపాయలు వేయించుకునే పద్ధతి ఆపి, తరువాత రూపాయిని ఒక షిల్లింగు నాలుగు పెన్సుల రేటుకు కట్టింది. కీన్స్ వంటి పెద్దలు ఆ విధానాన్ని మెచ్చుకున్నారు. లండన్‌లో రూపాయి ధర నిలకడగా ఉంటే చాలదు, మన బజారులో అది కొనే సరుకు నిలకడగా ఉండాలని అంబేద్కర్ గారు వాదించారు. నాణెం ఎడాపెడా విడుదల చేసే అధికారం పాలకుల చేతికి వదలకూడదన్నారు. ధరలు పెరిగితే వర్తకునికి లాభం, కూలివానికి నష్టం అని చూపారు. డి.ఆర్. ప్రకటన కోసం పత్రికలు తిరగేసిన మనకు ఇంతకంటే వివరణ ఎందుకు?

1925 డిసెంబరులో కరెన్సీ మీద నియమించిన హిల్టన్ యంగ్ రాయల్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం చెప్పారు. ఆ కమిషన్ 1926లో కేంద్ర బ్యాంకు కావాలని సిఫారసు చేసింది. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టింది. ఆ బ్యాంకు అంతా ఆయన పుస్తకమే అని కొందరంటారు. నేను గుమస్తాను, ఫైలులో ఉన్నంతే వ్రాస్తాను. ఆయనను పిలిచారు, ఆయన చెప్పారు. తాగడానికి నీళ్ళివ్వని దేశంలో ఆ మనిషి రూపాయి గురించి దొరలకు సలహా చెప్పారు. అది చాలదా?

1947 ఆగస్టులో రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులయ్యారు. కేంద్ర రాష్ట్రాల ఆదాయ పంపకానికి ఆర్థిక సంఘం, ఖర్చుల తనిఖీకి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అందులో ఉన్నాయి. ఈ ఆడిటర్ జనరలే బహుశా రాజ్యాంగంలో అత్యంత ముఖ్యమైన అధికారి అని 1949 మే 30న రాజ్యాంగ సభలో ఆయన అభిప్రాయపడ్డారు. ఆడిట్ అభ్యంతరాలు చూసి విసుక్కున్న నేను ఆ మాట చదివి సిగ్గుపడ్డాను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని తేల్చినప్పుడు ఆధారపడినది ఆ రాజ్యాంగంలోని సమానత్వపు 14వ అధికరణం మీదనే. మన పండుగ రోజు అదే.

1953 జనవరిలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన పరమపదించారు.

నాకు అన్నిటికంటే మనసులో నిలిచినవి రెండు అంకితాలు. రాష్ట్రాల ఆర్థిక గ్రంథం విద్యకు సాయం చేసిన బరోడా మహారాజుకు. రూపాయి గ్రంథం తల్లిదండ్రుల స్మృతికి. కూతురి నగ తాకట్టు పెట్టి రూపాయలు తెచ్చిన తండ్రికి, కొడుకు రూపాయి మీద గ్రంథమే వ్రాసి ఇచ్చారు.

ఆ పుస్తకం మూసిన మరునాడు మనవరాలిని వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళాను. గ్రాట్యుటీ డిపాజిట్ రద్దు చేస్తే వడ్డీ పోతుంది గనుక, దాని మీద లోను తీసుకున్నాను. నెలనెలా వాయిదా నా పెన్షన్ నుండి కట్ అవుతుంది. ఆ పిల్లకు ఏ ఉద్యోగం వస్తుందో నాకు తెలియదు. ఒకటో తారీఖున పాస్‌బుక్‌లో ఆ కట్ కనిపించినప్పుడు మాత్రం, రామ్‌జీ గారు షావుకారు దగ్గర నగ విడిపించుకొని ఇంటికి నడిచి వెళ్తున్నట్టు అనిపిస్తుంది.