దుబాసీ ఆనందరంగపిళ్ళె – ఆయన దినచర్య

నలనామ సంవత్సరమున, అనగా 1736 సెప్టెంబరు 6వ తేదీని, పుదుచ్చేరిలో ఇరువదియేడేండ్ల వర్తకు డొకడు పుస్తకము ముందిడుకొని ఆనాటి పట్టణవార్తలను తమిళమున వ్రాయ మొదలిడెను. ఏ యోడ వచ్చెను, ఏ యోడ పోయెను, రేవున ఏమి దిగెను, కోటలో ఏమి జరిగెను అనునవి వ్రాసియుంచుటయే ఆయన తొలి సంకల్పము. ఆ వర్తకుని పేరు ఆనందరంగపిళ్ళె. ఆ వ్రాత 1761 జనవరిలో ఆయన తుదిదినముల వరకు సాగెను. నడుమ వారములు, నెలలు తెగిన చోట్లు లేకపోలేదు. తెగినపుడెల్ల మరల పట్టుకొనెను. ప్రతిదినము వ్రాయుదుమని ప్రతిన పట్టి పదునైదవనాడు విడిచిపెట్టువారు పెక్కుమంది. విడిచినదానిని సిగ్గుపడక మరల చేపట్టువారు కొందఱే.

ఆనందరంగుడు 1709 మార్చి 30వ తేదీని చెన్నపట్టణమునకు చేరిన పెరంబూరున జన్మించెను. తండ్రి తిరువేంగడపిళ్ళె వర్తకుడు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కొలువున దుబాసీగా నుండిన నైనియపిళ్ళె వీరికి దగ్గఱి బంధువు. ఆయన ప్రోత్సాహమున ఈ కుటుంబము పుదుచ్చేరికి తరలివచ్చెను. దుబాసీ యనగా రెండు భాషల నెఱిగినవాడని అర్థము. కాని పని భాషతో తీరునది కాదు. కంపెనీ కొను వస్త్రములకు వర్తకులను కుదుర్చుట, వారికి సొమ్ము ముందుగా నిప్పించి సరకు రాబట్టుట, నవాబుల దర్బారులకు ఉత్తరములు నడపుట, పట్టణములోని దేశస్థుల తగవులు దొరకు విన్నవించుట అన్నియు ఆతని మీదనే యుండెను. లాభ మెంతయో భయమును అంతయే. 1716లో ఎబేరు అను గవర్నరు నైనియపిళ్ళెను చెఱసాలలో వేయించెను. ఆయన మఱుసటి యేట చెఱలోనే మరణించెను. కుమారుడు గురువప్పపిళ్ళె ఓడనెక్కి ఫ్రాన్సునకు పోయి అక్కడి ప్రభుత్వమునెదుట మొఱపెట్టి, క్రైస్తవమును స్వీకరించి, రాజబిరుదముతో తిరిగివచ్చి, తండ్రి పదవిని పొంది, 1724లో గతించెను. ఆనందరంగుడు బాల్యమునుండి చూచిన కథ యిది. దొర యొక్కడు కన్నెఱ్ఱ చేసినచో ఒక యిల్లు కూలుననియు, న్యాయము కావలసిన సముద్రములు దాటి పోవలెననియు ఆ యింట నెవరికిని వేఱుగ బోధింప నక్కఱలేకపోయెను.

1726లో తండ్రియు మరణించెను. అప్పటి గవర్నరు లెన్వారు ఈ యువకుని తెలివి గుర్తించి పరంగిపేటలోని కంపెనీ వర్తకస్థానమును అప్పగించెను. అక్కడ నీలివస్త్రముల వ్యాపారమును పెంచి, లాలాపేట, ఆర్కాటులందు ఐరోపా సరకుల కొట్లు నెలకొల్పి ఆయన ధనవంతుడయ్యెను. తరువాతి కాలమున ఆనందపురవి యను సొంత యోడయు నుండెను. ఓడలుగల వర్తకునకు గాలియు, వార్తయు రెండును సొమ్మే. ఏ దేశముతో ఏ దేశమునకు యుద్ధము వచ్చునో నెల ముందు తెలిసినవాడు బాగుపడును, నెల వెనుక తెలిసినవాడు చెడును. దినచర్య యిట్లు వర్తకావసరమునుండి పుట్టినది. తొలిపుటలలోనే, పుదుచ్చేరిలో రూపాయలు ముద్రించు అధికారమును గవర్నరు ద్యూమా ఆర్కాటు నవాబు దోస్తాలీఖానునుండి సంపాదించిన వ్యవహారము గలదు.

గ్రామలెక్కల నెఱిగినవారికి ఈ దినచర్య విలువ తేలికగా తెలియును. పూర్వము జమాబందీకి ముందురాత్రి కూర్చుండి సంవత్సరపు లెక్క నంతయు ఒక్క బిగిని పూర్తిచేయు కరణములు కొంద ఱుండెడివారు. అట్టి లెక్కలో సిరా యంతయు ఒక్క రంగుననే యుండును, తప్పులును ఒక్క తీరుననే యుండును. ఏనాటి దానిని ఆనాడు వ్రాసిన చిట్టా వేఱు. దానిలో రేపు ఏమగునో తెలియనివాని చేతివ్రాత యుండును. ఆనందరంగపిళ్ళె పుటలలోని ప్రాణ మదియే. గెలుపు వచ్చునో, ఓటమి వచ్చునో తెలియకయే ఆయన వ్రాసెను. తరువాత జరిగినదానిని పట్టి వెనుకటి మాటను దిద్దిన చరిత్రము కాదది.

తేదీ వేయుటలో తమిళ సంవత్సరమును, మాసమును, ఐరోపావారి తేదీని, వారమును కూడ చేర్చెడివాడు. ఒక్క దినముననే ఓడ సరకు, నేతబట్ట ధర, గవర్నరుతో జరిగిన సంభాషణ, జ్యోతిష్కుడు చెప్పిన ఫలము, ఇంటి శుభకార్యము, తన దేహస్థితి వరుసగా వచ్చును. దొరతో మాటలాడి యింటికి వచ్చిన పిమ్మట ఆయన ఏమనెను, తా నేమంటిని, మరల ఆయన ఏమనెను అని విడమఱచి వ్రాసెడివాడు. ఇది వృథాశ్రమ కాదు. నేడు ఔనన్న దొర రేపు కాదనవచ్చును. దస్తావేజు లేని కొలువున దినచర్యయే దస్తావేజు. మఱియు మఱునాడు ఏ పని తొలుత నడపవలెనో, ఎవరికి ఏ బదులు పంపవలెనో ఆలోచించుకొనుటకును ఆ వ్రాత ఆధార మయ్యెననుట కల్పన కాదు. ఒకనాటి పుటలో విడిచిన వ్యవహారపు కొస తరువాతి పుటలలో తిరిగి కనబడుచుండును.

1742లో డూప్లే పుదుచ్చేరికి గవర్నరుగా వచ్చెను. బొబ్బిలి కథ వలన తెలుగువారికి పేరు తెలిసిన బుస్సీని దక్కనునకు పంపినవాడు ఈ డూప్లేయే. కనకరాయ మొదలియారు అను క్రైస్తవుడు అప్పుడు పెద్ద దుబాసీ. ఆయన 1746లో మరణించెను. ఆ స్థానమునకు పోటీ మిక్కుటము. గవర్నరు భార్య వేఱొకరి పక్షము వహించెను. ఆ నెలల పుటలు చదువునపుడు ఆనందరంగుని యాతన తెలియును. కోరిక యున్నదని పైకి చెప్పడు, లేదనియు నమ్మింపలేడు. తుదకు పని ఆయన చేతికే వచ్చెను. 1747లో పదవి స్థిరపడెను. ఆ 1746లోనే ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. డూప్లే ప్రతాపమును ఆయన పొగడిన తీరు చూచినచో ఆస్థానకవులకు తీసిపోడు. తనను ఇతరులు పొగడిన మాటలను కూడ ఒక్కటియు విడువక వ్రాసుకొనెను. ఇది ఆయన లోపము. కాని పొగడ్తలను వ్రాసిన కలమే అవమానములనుగూడ వ్రాసెను గనుక పాఠకుడు క్షమింపగలడు.

వానిలో పెద్దది 1748 నాటిది. ఇంగ్లీషు నౌకాసేనాని బాస్కవెన్ పుదుచ్చేరిని ముట్టడించెను. ఆ కలవరములో పట్టణమధ్యమున క్రైస్తవదేవళమునకు ప్రక్కనే యున్న వేదపురీశ్వరుని ఆలయమును పడగొట్టుటకు డూప్లే ఆజ్ఞ యయ్యెను. ఆలయమును తొలగింపవలెనని పాదరీలు ఎన్నో యేండ్లుగా కోరుచుండిరి. ప్రజలు ఊరు విడిచిపోదురను భయముచేత మునుపటి గవర్నరులు వెనుదీసిరి. ఇప్పుడు ముట్టడి మిష దొరకెను. ఆలయపు పెద్దలు ఆనందరంగుని యొద్దకు వచ్చిరి. పట్టణములోని హిందువులందఱకు ఆయనయే పెద్ద దిక్కు. ఆయన ఆ ఆజ్ఞను త్రిప్పలేకపోయెను. విగ్రహములను, సామగ్రిని వేఱొక కోవెలకు చేర్చుకొనుడని మాత్రము చెప్పగలిగెను. సెప్టెంబరు మాసమున ఆలయము నేలమట్టమయ్యెను.

ఈ సంగతిని ఆయన దాచలేదు. ఎవరు ఏమనిరి, ఎవరు ఎట్లు వెనుకకు తగ్గిరి, గవర్నరు భార్య ఎంత పట్టుపట్టెను, పాదరీలు ఎట్లు ప్రవర్తించిరి అంతయు దుఃఖముతో వ్రాసెను. ప్రజలలో ఐకమత్యము లేదని నిష్ఠురములాడెను. కాలమహిమ యని నిట్టూర్చెను. క్రైస్తవుడైన కనకరాయని కాలమున నిలిచిన కోవెల, హిందువైన ఆనందరంగుని కాలమున కూలినది. పదవి విడిచి యెదుట నిలిచియుండిన కోవెల నిలిచెడిదో లేదో ఎవరును చెప్పజాలరు. ఫిరంగులు మ్రోగుచున్న పట్టణమున అది తేలిక మాట కాదు. అయినను ఆయన పదవి విడువలేదనుట నిజము. ఆ నిజమును పట్టి ఆయనను తూచుటకు కావలసిన సాక్ష్యమును, ఆయన వ్రాసియుంచిన పుటలే యిచ్చుచున్నవి. లోకమున పెద్దపదవులలో నుండినవారు ఇట్టి దినమును గూర్చి వ్రాయక విడుచుటయో, తరువాత చింపివేయుటయో సాధారణము.

బాస్కవెన్ ముట్టడి ఆ యేడే విఫలమయ్యెను. తరువాతి రెండుమూడేండ్లు ఆనందరంగునకు వెలుగుదినములు. ముజఫర్‌జంగు మూడువేల గుఱ్ఱముల మన్సబును, చెంగల్పట్టు జాగీరును ఇచ్చెను. గవర్నరు బంగళాలోనికి పల్లకిలో పోవుట, బంగారు పిడిగల చేతికఱ్ఱ పట్టుట మొదలగు గౌరవములు కలిగెను. కవులు ఇంటికి వచ్చిరి. శ్రీనివాసకవి సంస్కృతమున ఆనందరంగవిజయ చంపువును రచించెను. మన తెలుగున కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందము అను లక్షణగ్రంథమును ఆయన పేర వెలయించెను. తమిళుడైన వర్తకుడు ఫ్రెంచివారి పట్టణమున కూర్చుండి తెలుగు ఛందస్సునకు పోషకుడగుట ఆ కాలపు సొగసు. ఛందోగ్రంథమును చదివినవారు ఆయనను ఒక మహారాజుగా నెంచుదురు. అదే మనుష్యుడు దినచర్యలో రావలసిన బాకీలకై వేసారి, గవర్నరు ముఖము నాడు ఎట్లుండునోయని తలపోయుచు, శరీరము స్వస్థముగా లేదని వాపోవుచు కనబడును. రెండును నిజములే కావచ్చును. ఛందస్సు లేకున్న ఆయన గౌరవము మనకు తెలియదు, దినచర్య లేకున్న ఆ గౌరవము వెల తెలియదు.

1754లో డూప్లేను స్వదేశమునకు పిలిపించివేసిరి. పోషకుడు పోయినపిమ్మట దుబాసీ పలుకుబడి క్షీణించెను. దేహమును రోగముపాలయ్యెను. 1756లో గవర్నరు లేరీ ఆయనను పదవినుండి తొలగించెను. పదవి పోయినను పుస్తకము మూయలేదు. ఇచట ఒక్కమాట చెప్పవలసి యున్నది. కొలువునకై మాత్రమే వ్రాసినవాడైనచో కొలువు పోయిననాడే కలము క్రింద పెట్టియుండును. ఏ దొరకును చూపవలసిన పని లేని యా యేండ్లలో కూడ ఆయన వార్తలు సేకరించుచునే యుండెను. 1758లో లాలీ సేనాపతియై వచ్చుట, ధనమునకై పట్టణమును పీడించుట, ఫ్రెంచివారి బలము దినదినము సన్నగిల్లుట అన్నియు ఆ పుటల కెక్కినవి.

1760లో ఇంగ్లీషు సేనాని కూట్ పుదుచ్చేరిని చుట్టుముట్టెను. ధాన్యము తఱిగెను. తిండి చాలక లాలీ దేశస్థులను ఊరి బయటికి వెడలగొట్టించెను. విక్రమనామ సంవత్సర పుష్యమాసము దగ్గఱ, 1761 జనవరి 12వ తేదీని ఆనందరంగపిళ్ళె తన యిల్లుగల పట్టణముననే కన్నుమూసెను. వయస్సు ఏబదియొక్కటి. నాలుగు దినములకు, 16వ తేదీని, పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమయ్యెను. కోటగోడలను వారు పడగొట్టించిరి. ఆనందరంగుని గృహము మాత్రము కాలమునకు తట్టుకొని నిలిచినది. ఆ యింట వ్రాతయు ఆగలేదు. సోదరుని కుమారుడు తిరువేంగడపిళ్ళె ఆ దినచర్యను ముందునకు సాగించెను.

అటుపిమ్మట ఆ సంపుటములు ఎనుబదియైదేండ్లు ఇంట మూలబడి యుండెను. 1846లో గాల్వా మోంబ్రన్ అను ఫ్రెంచి ఉద్యోగి వానిని కనుగొని ప్రతి వ్రాయించెను. కొన్నేండ్లకే ఏరియల్ అను మఱియొక ఫ్రెంచివాడు వ్రాయించుకొన్న ప్రతి పారిసు నగరపు గ్రంథాలయమునకు చేరెను. చెన్నపట్టణపు ప్రభుత్వమువారు 1904 మొదలుకొని 1928 వఱకు పండ్రెండు సంపుటములుగా ఇంగ్లీషు భాషలోనికి త్రిప్పించి అచ్చువేయించిరి. ప్రైసు, రంగాచారి, డాడ్‌వెల్ అనువారు ఆ పనికి పూనుకొనిరి. అచ్చు మొదలగునాటికే మూలపు సంపుటములలో కొన్ని కానరాకపోయినవి. ఆ దినములు మాత్రము అచ్చుప్రతులలోను లేవు. ఒక తేదీ ముగిసినంతనే కొన్ని నెలలు దాటిన మఱియొక తేదీ మొదలగును.